దూరప్రయాణాల బండికి కొత్త టైర్లు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈసారి శీర్షికను తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పాఠకులు మోటారు సైకిలు టైర్ల గురించి పంపిన ప్రశ్నలకే కేటాయిస్తున్నాము. మన ప్రాంతానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. వేసవి ఎండల్లో అరిగి గట్టిపడిన టైరుతో ఆ వానల్లోకి దిగకుండా, సెప్టెంబరు నెలలోనే టైర్లను పరీక్షించి, అవసరమైతే మార్చుకోవడం అన్నివిధాలా మంచిది.

ప్రశ్న: అయ్యా, నా దగ్గర రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 ఉంది. నెలకు రెండుసార్లు నేను, నా భార్య పలమనేరు, ముళబాగిలు మీదుగా బెంగళూరు వెళ్లి వస్తాము. ఏడాదికొకసారి అరుణాచలం, రామేశ్వరం వంటి దూరయాత్రలు కూడా చేస్తాము. వెనుక టైరు మధ్యభాగం బల్లపరుపుగా అరిగిపోయింది. 140 బదులు 150 వెడల్పు టైరు వేయించుకుంటే రోడ్డు మీద పట్టు పెరుగుతుందనీ, బండి కూడా నిండుగా కనిపిస్తుందనీ దుకాణదారు అంటున్నారు. ఏ కొలత, ఏ కంపెనీ ఎంచుకోవాలో చెప్పగలరు. (కరకంబాడి రోడ్డు, తిరుపతి)

జవాబు: 150 వద్దు. తయారీదారు మీ బండికి ఇచ్చిన 140/70-17 కొలతనే కొనసాగించండి. ప్రతి రిమ్‌కూ దాని వెడల్పును బట్టి ఎంత వెడల్పు టైరు సరిపోతుందన్న పరిమితి ఉంటుంది. అంతకన్నా వెడల్పైన టైరును ఎక్కిస్తే దాని రెండు అంచులూ లోపలికి నొక్కుకుపోయి, నేలను తాకే భాగం ఉండవలసిన ఆకారం కోల్పోతుంది. దానితో బండి మలుపులోకి వంగే తీరు మారిపోతుంది. టైరు నేలను తాకే ప్రదేశం ఎంత ఉంటుందన్నది ప్రధానంగా దాని మీద పడే బరువును బట్టి, లోపలి గాలి పీడనాన్ని బట్టి ఉంటుంది. అందుచేత పది మిల్లీమీటర్ల వెడల్పు పెంచినంత మాత్రాన పట్టు దానంతటది పెరిగిపోదు. పైగా 150/70-17 టైరు మొత్తం వ్యాసం మీ పాత టైరు వ్యాసం కన్నా రెండు శాతానికి మించి ఎక్కువ (సుమారు 628 మిల్లీమీటర్ల నుంచి 642 మిల్లీమీటర్లకు పెరుగుతుంది). బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేందుకు, ముందు, వెనుక చక్రాల వేగాలను అనుక్షణం పోల్చి చూస్తూ పనిచేసే ఏబీఎస్‌ను అసలు కొలతలకు అనుగుణంగా రూపొందించారు గనుక, దాని లెక్కను మనం చేజేతులా చెడగొట్టుకోనవసరం లేదు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య, టైరుకూ చైనుకూ మధ్య ఉండవలసిన ఖాళీ కూడా తగ్గుతుంది. దుకాణంలో బండి నిలబడి ఉన్నప్పుడు ఆ ఖాళీ చాలినంత ఉన్నట్టే కనిపించవచ్చు గానీ, ఇద్దరు ఎక్కి గుంతలో పడ్డప్పుడు పరిస్థితి వేరుగా ఉంటుంది.

కంపెనీ పేరు కన్నా ముందు టైరు పక్కభాగం మీద అచ్చయిన అంకెలను, అక్షరాలను చదవడం అలవాటు చేసుకోవాలి. 140/70-17 ఎం/సి 66పి అని ఉంటే, 140 అన్నది మిల్లీమీటర్లలో వెడల్పు, 70 అన్నది ఆ వెడల్పులో టైరు పక్కభాగం ఎత్తు ఎంత శాతమో తెలిపే అంకె, అంటే 98 మిల్లీమీటర్లు. 17 అన్నది అంగుళాల్లో రిమ్ వ్యాసం. ఎం/సి అంటే ఆ టైరు మోటారు సైకిలు కోసం తయారైనదని అర్థం. చివరి 66పి అన్న భాగాన్ని చాలామంది చూడనే చూడరు. దూరప్రయాణాలు చేసేవారికి నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం అదే. అందులో 66 లోడ్ ఇండెక్స్, అంటే సరైన గాలి ఉన్నప్పుడు ఆ ఒక్క టైరు 300 కిలోల బరువు మోయగలదు. పి అన్న అక్షరం గంటకు 150 కిలోమీటర్ల వేగ పరిమితిని తెలుపుతుంది. ఎస్ అయితే 180, హెచ్ అయితే 210, వి అయితే 240. కొత్త టైరు మీద ఈ రెండూ పాత టైరుతో సమానంగా గానీ, అంతకన్నా ఎక్కువగా గానీ ఉండాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ తక్కువ ఉండకూడదు.

మీ విషయంలో ఈ బరువు లెక్క ఎందుకు ముఖ్యమో చూడండి. మీ బండి సొంత బరువే 191 కిలోలు. మీరిద్దరూ కలిసి 140 కిలోలు, సామాను 25 కిలోలు అనుకుంటే మొత్తం 356 కిలోలవుతుంది. వెనుక సీటులో మనిషి, ఆ వెనుక సంచులు ఉన్నప్పుడు ఆ బరువులో 60 శాతానికి పైగా వెనుక చక్రం మీదనే పడుతుంది, అంటే సుమారు 215 నుంచి 230 కిలోలు. 300 కిలోల టైరుకు అది హాయిగా మోయగల బరువే. అదే కొలతకు దగ్గరగా ఉందని, ధర తక్కువని, 61 లోడ్ ఇండెక్స్ ఉన్న టైరు వేసుకుంటే దాని పరిమితి 257 కిలోలే కాబట్టి మిగులు బాగా తగ్గిపోతుంది. ఆ పైన గాలి కూడా కాస్త తక్కువగా ఉందంటే, మే నెల మధ్యాహ్నం చిత్తూరు దాటి వేగంగా పోతున్నప్పుడు టైరు పక్కభాగాలు అదేపనిగా ముడుచుకుంటూ, సాగుతూ లోపల వేడి పెంచుకుంటాయి. దూరప్రయాణాల్లో టైరు పగలడానికి తరచుగా దారితీసేది ఈ వేడే.

ఇక మధ్యభాగం బల్లపరుపు కావడం. జాతీయ రహదారి మీద గంటల తరబడి నిటారుగా పోయే ప్రతి బండికీ వెనుక టైరు ఇలాగే అరుగుతుంది. అందులో మీ తప్పేమీ లేదు. అయితే గాడులు ఇంకా మిగిలి ఉన్నాయి కదా అని దానిని కొనసాగించడం మంచిది కాదు. మధ్యలో చదునుగా, పక్కల్లో గుండ్రంగా ఉన్న టైరుకు ఆ రెండూ కలిసేచోట ఒక అంచు ఏర్పడుతుంది. బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాట్ మలుపుల్లోకి వెళ్లినప్పుడు బండి మొదట వంగడానికి మొరాయించి, ఆ అంచు దాటగానే ఒక్కసారిగా పక్కకు పడిపోతున్నట్టు అనిపిస్తుంది. ఎండ రోజున అది చిరాకు మాత్రమే, తడి రోడ్డు మీద ప్రమాదం. ప్రతి టైరులోనూ గాడుల అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలు ఉంటాయి. టైరు పక్కన టి.డబ్ల్యు.ఐ. అనే అక్షరాలు గానీ, చిన్న త్రిభుజం గుర్తు గానీ ఉన్నచోట నేరుగా పైకి చూస్తే అవి కనిపిస్తాయి. పైరబ్బరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. ద్విచక్ర వాహనాలకు గాడి లోతు 0.8 మిల్లీమీటరుకు తగ్గకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. కాని అది కనీస హద్దు మాత్రమే. భార్యాబిడ్డలను వెనుక కూర్చోబెట్టుకొని వానలో రహదారి మీద వెళ్లేవారు లోతు రెండు మిల్లీమీటర్లకు వచ్చినప్పుడే మార్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను. నీటిని పక్కలకు తోసేయడానికి ఆ గాడులు తప్ప టైరుకు వేరే మార్గం లేదు.

ఈసారి కొనేటప్పుడు డ్యుయల్ కాంపౌండ్ టైరు మీ కొలతలో దొరుకుతుందేమో అడగండి. అందులో మధ్యభాగానికి ఎక్కువకాలం మన్నే గట్టి రబ్బరు, పక్కలకు మలుపుల్లో పట్టు ఇచ్చే మెత్తని రబ్బరు వాడతారు కాబట్టి, నెలకు రెండుసార్లు బెంగళూరు వెళ్లివచ్చే మీ వంటివారికి అది సరిగ్గా నప్పుతుంది. రబ్బరు మిశ్రమంలో సిలికా కలిపిన టైర్లు తడి రోడ్డు మీద మెరుగ్గా పట్టు ఇస్తాయి. ఎంఆర్ఎఫ్, సియట్, టీవీఎస్ యూరోగ్రిప్, అపోలో వంటి మన దేశపు పెద్ద కంపెనీల్లో ఏది తీసుకున్నా, కొలత, లోడ్ ఇండెక్స్, వేగపు అక్షరం, తయారీ తేదీ ఈ నాలుగూ సరిపోతే మీరు నిశ్చింతగా ఉండవచ్చు. ఒకే కంపెనీ నగరంలో తిరిగే బండ్లకు ఒక రకం, దూరప్రయాణాలకు మరో రకం, మట్టిదారులకు ఇంకో రకం తయారుచేస్తుంది కనుక, కంపెనీ పేరు ఒక్కటే చెప్పి టైరు అడిగితే సరిపోదు. మీరు ఎక్కడెక్కడికి, ఎంత బరువుతో తిరుగుతారో చెప్పి మరీ అడగండి.

ప్రశ్న: అయ్యా, మా ఊరి దుకాణంలో రెండు టైర్లు సగం ధరకు ఇస్తామంటున్నారు. ఒక్కసారి కూడా వాడనివి, గాడులు కొత్తగానే ఉన్నాయి. కాని చాలాకాలంగా దుకాణంలోనే ఉన్నాయని తెలిసింది. తీసుకోవచ్చా? (శ్రీకాళహస్తి)

జవాబు: టైరు పక్కన డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర గానీ, విడిగా ఒక చిన్న కోలగడిలో గానీ నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు సంవత్సరంలో ఎన్నో వారమో, చివరి రెండు ఏ సంవత్సరమో తెలుపుతాయి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారం, అంటే జూన్ నెల తొలిరోజుల్లో తయారైన టైరు. కొన్ని టైర్లకు ఈ అంకెలు ఒకవైపే ఉంటాయి కాబట్టి, కనిపించకపోతే టైరును తిప్పించి చూడండి. చూపించడానికి వెనుకాడే దుకాణంలో కొనకండి.

రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ, వేడి కలిసి దానిలోని సాగే గుణాన్ని క్రమంగా తగ్గిస్తాయి, పైకి నల్లగా కొత్తగా కనిపిస్తున్నా లోపల గట్టిపడిపోతుంది. చల్లని, చీకటి గదిలో సక్రమంగా నిలువ చేసిన టైరు ఏడాది, ఏడాదిన్నర పాతదైనా భయపడనవసరం లేదు. మన ప్రాంతంలో చాలా దుకాణాల్లో టైర్లు రేకుల షెడ్డు కింద, లేదా వీధి వైపు ఎండ తగిలేలా వేలాడదీసి ఉంటాయి. ఆ వేడిలో మూడు నాలుగు వేసవులు గడిపిన టైరును సగం ధరకు కాదు, ఉచితంగా ఇచ్చినా ముందు చక్రానికి వేయించుకోవద్దని నా సలహా. గాడుల అడుగున, పక్కభాగం మీద సన్నని వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తే మాత్రం తేదీతో పనిలేకుండా దానిని పక్కన పెట్టేయండి. వాడుకలో ఉన్న టైరునైనా, గాడులు ఎంత మిగిలి ఉన్నా, అయిదేళ్లు దాటిన తరువాత ఏటా తెలిసినవారి చేత పరీక్ష చేయించాలి.

ఇదే సందర్భంలో మరొక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత సరుకును పాత ధర లెక్క మీద తగ్గింపు ఇస్తున్నట్టు చూపితే, ఆ తగ్గింపులో ఎంత భాగం నిజమైనదో బిల్లు చూసి లెక్కవేసుకోండి. బిల్లు లేకుండా టైరు కొనవద్దు. తయారీలోపం బయటపడితే కంపెనీని అడగడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. ఐఎస్ఐ గుర్తు ఉన్నదీ లేనిదీ కూడా చూసుకోండి. ద్విచక్ర, త్రిచక్ర వాహనాల టైర్లకు వర్తించే ప్రమాణం ఐఎస్ 15627.

ప్రశ్న: సార్, ఉద్యోగరీత్యా నేను తరచుగా తిరుమల కొండ మీదికి బండి మీద వెళ్లి వస్తుంటాను. సెలవుల్లో అదే బండి మీద దూరప్రయాణాలు చేస్తాను. వానాకాలంలో ఘాట్ రోడ్డులో పట్టు కోసం గాలి కొంత తగ్గించుకోమని తోటివారు చెబుతున్నారు. నా ముందు టైరు కూడా వెనుకదానితో సమానంగా అరిగిపోతోంది. అందరికీ వెనుకదే ముందు అరుగుతుందంటారు కదా? (తిరుపతి)

జవాబు: గాలి తగ్గించకండి. ఇసుకలో, బురదలో నెమ్మదిగా పోయే బండికి గాలి తగ్గిస్తే ఉపయోగం ఉంటుంది, తారు రోడ్డు మీద వానలో దాని ఫలితం వేరు. గాలి తగ్గిన టైరు మధ్యభాగం లోపలికి నొక్కుకుపోయి గాడులు మూసుకుంటాయి. నీరు బయటికి పోవలసిన దారులు ఇరుకవుతాయి. మలుపులో టైరు పక్కలకు ఊగి, బండి మీ మాట వినడం ఆలస్యమవుతుంది. స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీద గానీ, చైను కవరు మీద గానీ అతికించిన స్టిక్కరులోనూ, బండితో ఇచ్చిన పుస్తకంలోనూ ఒంటరి ప్రయాణానికి ఎంత, ఇద్దరికి ఎంత అని విడివిడిగా గాలి లెక్క ఇస్తారు. దానినే పాటించండి, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలు పెరిగితే టైరులో పీడనం చదరపు అంగుళానికి సుమారు ఒక పౌండు పెరుగుతుంది. కొండ దిగివచ్చి వేడెక్కిన టైరులో గాలి చూపించుకొని, ఎక్కువైందని తీయించేస్తే, మరునాడు ఉదయం చలిలో అది ఉండవలసినదాని కన్నా బాగా తక్కువై ఉంటుంది. ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

ముందు టైరు అరుగుదలకు కారణం మీ దారిలోనే ఉంది. 1974లో ప్రారంభమైన రెండవ ఘాట్ రోడ్డు మీదుగా మీరు ఎక్కుతారు, 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా దిగుతారు. ఎక్కేటప్పుడు బరువు వెనుక చక్రం మీద ఉంటుంది, ఇంజను శక్తి కూడా దాని ద్వారానే నేలకు చేరుతుంది. దిగేటప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది. వాలు వల్ల, బ్రేకుల వల్ల బరువు ముందుకు వచ్చిపడి, వరుసగా వచ్చే ఇరుకు మలుపుల్లో ముందు టైరే బండిని ఆపాలి, అదే బండిని తిప్పాలి. కాబట్టి మైదానపు రోడ్లలో వెనుక టైరు రెండు మారేలోపు ముందుది ఒకటి మారితే, మీకు రెండూ దాదాపు ఒకేసారి మారడం సహజం. అయితే ముందు టైరు గాడి దిమ్మెలు ఒకవైపు ఎత్తుగా, మరోవైపు పల్లంగా రంపపు పళ్లలాగా అరుగుతున్నాయేమో చేత్తో నిమిరి చూడండి. అలా ఉంటే గాలి తక్కువైందా, ముందు ఫోర్కుల ఆయిల్ పాతబడిందా, చక్రం బ్యాలెన్సింగ్ (చుట్టూ బరువు సమానంగా ఉండటం) తప్పిందా అని పరీక్షించిన తరువాతనే కొత్త టైరు వేయించుకోవాలి. లేకపోతే కొత్తది కూడా అదే దారి పడుతుంది. దిగేటప్పుడు బ్రేకు మీదనే ఆధారపడకుండా రెండవ, మూడవ గేర్లలో ఇంజను చేతనే వేగం అదుపు చేయడం టైరుకూ మేలు, బ్రేకుకూ మేలు.

మీకు టైరు ఎంపికలో నా సూచన ఇది. కిలోమీటర్లు ఎక్కువ ఇస్తుందన్న ఒక్క కారణంతో గట్టి రబ్బరు టైరును ముందు చక్రానికి తీసుకోవద్దు. ముందు చక్రం జారితే బండిని నిలబెట్టుకునే అవకాశం దాదాపు ఉండదు. ఉన్న డబ్బులో ఒక టైరే మంచిది కొనగలిగితే, ఆ మంచిది ముందుకు వేయించండి.

ప్రశ్న: నా హిమాలయన్ 411 బండికి స్పోకు చక్రాలు, ట్యూబు టైర్లు ఉన్నాయి. తలకోన, హార్స్‌లీ హిల్స్ వైపు ఎక్కువగా వెళ్తాను. ట్యూబ్‌లెస్ టైర్లు వేయించుకుంటే పంక్చరు బాధ తప్పుతుందా? అలాగే పెద్ద బటన్ల (ఎత్తైన రబ్బరు దిమ్మెల) టైర్లు మంచివా? (చిత్తూరు)

జవాబు: టైరు మీద ట్యూబ్‌లెస్ అని ఉన్నంత మాత్రాన చక్రం ట్యూబ్‌లెస్ అయిపోదు. మీ రిమ్‌కు ప్రతి స్పోకు దగ్గర ఒక రంధ్రం ఉంది, గాలి అక్కడినుంచే పోతుంది. అదీకాక, గాలి తగ్గినప్పుడు టైరు అంచు రిమ్ మధ్యలోని పల్లంలోకి జారిపోకుండా పట్టి ఉంచే చిన్న గట్టు ట్యూబ్‌లెస్ రిమ్‌లకు ప్రత్యేకంగా ఉంటుంది. ట్యూబు రిమ్‌లలో అది ఉండకపోవచ్చు. రంధ్రాలను టేపుతోనో, జిగురుతోనో మూసి ట్యూబ్‌లెస్‌గా మార్చేవారు ఉన్నారు. బరువు వేసుకొని దూరం వెళ్లే బండికి దానిని నేను సిఫారసు చేయను. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు వేసి మీ రిమ్‌పై వాడుకోవచ్చు, అందులో ఇబ్బంది లేదు. పంక్చరు బాధ మాత్రం తప్పదు. టైరు మార్చిన ప్రతిసారీ ట్యూబు, స్పోకుల మీద ఉండే రబ్బరు పట్టీ కూడా కొత్తవి వేయించండి, సాగిపోయిన పాత ట్యూబు కొత్త టైరులో మడతపడి చిరుగుతుంది. మీ ముందు చక్రం 21, వెనుకది 17 అంగుళాలు కనుక తలకోన వంటి చోటికి వెళ్లేటప్పుడు రెండు కొలతల ట్యూబులూ, టైరు విప్పే పనిముట్లూ వెంట ఉంచుకోండి.

పెద్ద బటన్ల విషయానికి వస్తే, మీరు తిరిగే దారిని నిజాయితీగా లెక్కవేసుకోండి. భాకరాపేట ఘాట్ మీదుగా వెళ్లినా, హార్స్‌లీ హిల్స్ ఎక్కినా, మీ చక్రాల కింద ఉండేది ఎక్కువగా తారు రోడ్డే. అడవిలోని మట్టిదారి ఆ ప్రయాణంలో చిన్న భాగం. పెద్ద బటన్లు బురదలో, గులకరాళ్లలో బాగా పట్టుకుంటాయి. తారు మీద మాత్రం నేలను తాకే రబ్బరు తగ్గి, తడిలో బ్రేకు వేసినప్పుడు ఆగే దూరం పెరుగుతుంది. రొద ఎక్కువ, అరుగుదల కూడా వేగం. తారు 80 పాళ్లు, మట్టి 20 పాళ్లు అన్న లెక్కతో తయారుచేసిన టైర్లు మీకు సరిపోతాయి. ముందు 90/90-21, వెనుక 120/90-17 అన్న మీ కొలతల్లో అలాంటివి దొరుకుతాయి.

ప్రశ్న: వెనుక టైరు ఒక్కటే మారిస్తే చాలునా? రేడియల్ టైరు మంచిదంటున్నారు, ముందుది మామూలు టైరే ఉన్నా వెనుక రేడియల్ వేసుకోవచ్చునా? (పలమనేరు)

జవాబు: ముందు టైరు గాడులు, వయసు బాగుంటే వెనుకది ఒక్కటే మార్చుకోవచ్చు. వీలైనంతవరకు అదే కంపెనీ, అదే రకం తీసుకోండి. రెండు టైర్ల ఆకారం, రబ్బరు బాగా తేడాగా ఉంటే మలుపులో ముందు చక్రం ఒకలాగా, వెనుక చక్రం ఇంకొకలాగా ప్రవర్తిస్తుంది.

కొలతలో అంకెల మధ్య ఆర్ అన్న అక్షరం ఉంటే అది రేడియల్, అంటే లోపలి దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు నేరుగా అడ్డంగా సాగే టైరు; అడ్డగీత మాత్రమే ఉంటే బయాస్, అంటే లోపలి దారాలు ఏటవాలుగా ఒకదానిమీదొకటి అల్లుకున్న టైరు. వేగంగా ఎక్కువ దూరం పోయేటప్పుడు రేడియల్ తక్కువగా వేడెక్కుతుంది. బయాస్ టైరు పక్కభాగాలు గట్టిగా ఉండి బరువును, గుంతలను తట్టుకుంటాయి. బజాజ్ డామినార్ 400 వంటి బండ్లకు తయారీదారే రేడియల్ ఇచ్చాడు, వాటికి రేడియలే వేయాలి. మీ బండికి రెండూ బయాస్ ఇచ్చి ఉంటే, బండి తయారీదారు గానీ టైరు తయారీదారు గానీ అనుమతించినట్టు రాతపూర్వకంగా ఉంటే తప్ప కలిపి వాడవద్దు. ముందు రేడియల్, వెనుక బయాస్ అన్న కలయిక మరీ చెడ్డది.

ప్రశ్న: మా దగ్గర చినపండూరులోనే అపోలో టైర్ల ఫ్యాక్టరీ ఉంది కదా, అక్కడినుంచి వచ్చే మోటారు సైకిలు టైర్లు మాకు తాజాగా, తక్కువ ధరకు దొరుకుతాయా? (సత్యవేడు)

జవాబు: 2020లో ప్రారంభమైన ఆ కర్మాగారాన్ని కార్ల టైర్లు, ట్రక్కులు, బస్సుల రేడియల్ టైర్ల కోసం నిర్మించారు. కాబట్టి ఫ్యాక్టరీ దగ్గరగా ఉండటం వల్ల మీ మోటారు సైకిలుకు ప్రత్యేక ప్రయోజనం ఉంటుందని ఆశించవద్దు. ఏ ఊరి టైరైనా దాని మీది నాలుగంకెల తేదీయే దాని తాజాతనాన్ని చెబుతుంది.

ప్రశ్న: నమస్కారమండీ. నేను ఒంటరిగా, తక్కువ సామానుతో సుజుకి వి-స్ట్రామ్ 250 మీద దూరప్రయాణాలు చేస్తాను. నా బరువు 52 కిలోలు. స్నేహితులు విదేశీ కంపెనీ టైర్లే వేయించుకోమంటున్నారు, ధర దాదాపు రెట్టింపు ఉంది. అంత పెట్టడం అవసరమా? (నగరి)

జవాబు: మీ బరువుకు, మీ బండి వేగానికి అవసరం లేదు. ఖరీదైన టైర్లలో చాలావరకు పెద్ద ఇంజన్లు, ఎక్కువ వేగం, ఎక్కువ బరువు ఉన్న బండ్లను దృష్టిలో పెట్టుకొని తయారైనవి. ఆ రబ్బరు బాగా వేడెక్కినప్పుడే పూర్తి పట్టు ఇచ్చే రకమైతే, తేలికైన మనిషి మితమైన వేగంతో నడిపే బండి మీద అది ఆ వేడిని చేరుకోకపోవచ్చు. మీకు కావలసింది చల్లగా ఉన్నప్పుడు, తడిగా ఉన్నప్పుడు కూడా వెంటనే పట్టు ఇచ్చే మెత్తని రబ్బరు గల టైరు, అది మన కంపెనీల్లో దొరుకుతుంది. మిగిలిన డబ్బును మంచి గాలి మీటరు, చిన్న పంపు కొనడానికి వాడండి. పుత్తూరు దగ్గర ఒక బంకులో, కాట్పాడి దగ్గర మరో బంకులో మీటర్లు చూపే లెక్కలు ఒకదానికొకటి కలవకపోవడం మీరూ గమనించే ఉంటారు. మీ సొంత మీటరు అయితే కనీసం ప్రతిసారీ ఒకే కొలత మీద ఆధారపడవచ్చు.

ధరలను పోల్చాలనుకుంటే టైరు ధరను అది మీకు ఇచ్చిన కిలోమీటర్లతో భాగించండి. అందుకోసం టైరు మార్చిన రోజున మీటరు రీడింగు బిల్లు మీదనే రాసి ఉంచండి.

ప్రశ్న: ట్యూబ్‌లెస్ టైరుకు పంక్చరు వేయించి అలాగే దూరప్రయాణం చేయవచ్చా? (కుప్పం)

జవాబు: బయటినుంచి దూర్చే పట్టీ పంక్చరు మిమ్మల్ని ఇంటికో, దుకాణానికో చేర్చడానికి మాత్రమే. దూరప్రయాణానికి ముందు టైరు విప్పించి, లోపలినుంచి పుట్టగొడుగు ఆకారంలో ఉండే ప్లగ్ వేయించండి, విప్పినప్పుడు లోపలి పొరలు దెబ్బతిన్నాయో లేదో కూడా తెలుస్తుంది. పక్కభాగంలో పంక్చరు అయితే బాగుచేయించవద్దు, టైరు మార్చండి.

ప్రశ్న: కొత్త టైరు బిగించేటప్పుడు దుకాణంలో ఏమేమి గమనించాలి? బిగించిన వెంటనే ప్రయాణం మొదలుపెట్టవచ్చా? (పుంగనూరు)

జవాబు: టైరు పక్కన బాణం గుర్తు ఉంటుంది, అది చక్రం ముందుకు తిరిగే దిశలోనే ఉండాలి. కొన్ని టైర్లలో ముందు చక్రానికి ఒకవైపు, వెనుక చక్రానికి మరోవైపు బాణాలు ఉంటాయి కనుక జాగ్రత్తగా చదవండి. పక్కభాగం మీద రంగు చుక్క ఉంటే అది టైరులో తేలికైన చోటుకు గుర్తు, దానిని వాల్వ్ దగ్గరకు వచ్చేలా బిగిస్తే బ్యాలెన్సింగ్‌కు పెట్టవలసిన బరువు తగ్గుతుంది. ట్యూబ్‌లెస్ అయితే రబ్బరు వాల్వ్ కూడా కొత్తది వేయించండి, దాని ధర టైరు ధరలో లెక్కలోకి రాదు. గాలి నింపిన తరువాత టైరు అంచు దగ్గర చుట్టూ కనిపించే సన్నని గీత రిమ్‌కు అన్నిచోట్లా ఒకే దూరంలో ఉందో లేదో చూడండి. ఒకచోట లోపలికి పోయి ఉంటే అంచు సరిగా కూర్చోలేదన్నమాట, గాలి తీసి మళ్లీ కూర్చోబెట్టమనండి. వెనుక చక్రం విప్పారు కాబట్టి చైను బిగువు, చక్రం నేరుగా ఉన్నదీ లేనిదీ రెండువైపులా ఉన్న గుర్తులతో సరిచూసుకోండి.

కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది, మొదటి 150 కిలోమీటర్లూ పట్టు పూర్తిగా రాదు. ఆ దూరం వరకు గట్టి బ్రేకులు, ఒక్కసారిగా వేగం పెంచడం, బాగా వంగే మలుపులు వద్దు. కొత్త టైరు వేయించుకొని నేరుగా కొండ ఎక్కడం అస్సలు వద్దు. పుంగనూరు నుంచి పలమనేరు దాకా మామూలు వేగంతో రెండు మూడుసార్లు వెళ్లివచ్చి, వంపును కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే టైరు పక్కలు కూడా గరుకుదేలుతాయి. ఆయుధపూజకు బండి కడిగినప్పుడు టైర్లు నల్లగా మెరవాలని పాలిష్ పూసే అలవాటు మన ఊళ్లలో ఉంది. పక్కభాగానికి పూసినా సరే గానీ, నేలను తాకే భాగానికి ఒక్క చుక్క కూడా తగలనివ్వకండి. మరునాడు ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి మరొకసారి చూసుకోండి, రెండు పౌండ్లకు మించి తగ్గి ఉంటే వాల్వ్ దగ్గర, అంచు దగ్గర సబ్బునీళ్లు పోసి బుడగలు వస్తున్నాయేమో పరీక్షించి, అవసరమైతే అదే దుకాణానికి తీసుకెళ్లి సరిచేయించండి.